నాన్నకి మాట రావట్లేదు, పాట మాత్రం వస్తోంది. మీ ఇళ్లలో ఇలా ఎవరికైనా జరిగిందా?

తుమ్మెద (గరివిడి దగ్గర పల్లె)

అందరికీ నమస్కారం. పోస్టు కొంచెం పెద్దది, ఓపిగ్గా చదవండి. మా నాన్నకి 63 ఏళ్లు. 30 ఏళ్లకి పైగా తప్పెటగుళ్లు ఆడినవాడు. గుండె మీద రేకు తప్పెట, కాళ్లకి గజ్జెలు కట్టుకుని ఒక్క రాత్రిలో గంగమ్మ కథ మొత్తం నడిపేవాడు. నాలుగు నెలల కిందట పక్షవాతం వచ్చింది. పొద్దున మూతి వంకరపోతే చలిగాలి తగిలిందనుకున్నాం, మధ్యాహ్నం దాటాక గానీ ఆసుపత్రికి తీసుకెళ్లలేదు, ఆ బాధ నన్ను ఇప్పటికీ వదల్లేదు. కుడి చెయ్యి లేవదు. మాట పోయింది. మనం చెప్పింది అంతా అర్థమవుతుంది, కానీ నోటెంట "ఊ", "అదీ" తప్ప ఇంకేం రాదు. నా పేరు పిలవాలని చూసి, రాక, కళ్లనీళ్లు పెట్టుకుంటాడు.

పోయిన వారం సాయంత్రం నేను బియ్యం ఏరుకుంటూ ఆయన పాటే ఒకటి కూనిరాగం తీస్తున్నాను. పక్క మంచం మీంచి నాన్న అందుకున్నాడు. అందుకుని చరణం మొత్తం పాడేశాడు! ఒక్క మాట కూడా తప్పు పోలేదు. ఎడం చేత్తో గుండె మీద దరువు వేస్తూ పాడాడు. అమ్మ వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చింది. పాట అయిపోగానే "నాన్నా, నీళ్లు కావాలా" అంటే మళ్లీ "ఊ" ఒక్కటే.

రెండు విషయాలు అడగాలని రాస్తున్నాను. ఈ పాట ద్వారా మాట తిరిగి తెప్పించే దారి ఏదైనా ఉందా? రెండోది, మొన్న మా వీధిలో అమ్మవారి సంబరం, మూడు రాత్రులు డీజే బాక్సులు పెట్టారు, రాత్రి ఒంటిగంట దాకా కిటికీ రేకులు అదిరాయి, నాన్న వణికిపోయాడు, బీపీ పెరిగింది. పండగ ఆపమనే మనిషిని కాను నేను, సంబరాల్లో ఆడినవాడి కూతుర్ని. కానీ ఏం చెయ్యాలో తెలియలేదు.

విశాఖలో సిక్కోలు

చెల్లీ, నేను స్పీచ్ థెరపీ పనిలో ఉన్నాను. ముందు ఒక మాట, మీరు చూసింది అరుదైన విషయమేమీ కాదు, మాకు తరచూ కనిపిస్తుంది. చాలామందికి మాట పుట్టించే భాగం మెదడులో ఎడమ వైపు ఉంటుంది. అక్కడ దెబ్బ తగిలితే మాట పోతుంది, కుడి చెయ్యీ కాలూ కూడా పడిపోతాయి. పాట అలా కాదు, రాగానికీ లయకీ కుడి వైపు కూడా బాగా పని చేస్తుంది, పైగా వేలసార్లు పాడిన పాట నోటికి అలవాటైపోయి ఉంటుంది. అందుకే పాట మిగిలింది.

దీన్ని వాడుకునే పద్ధతి ఒకటి 1970ల్లో అమెరికాలోని బోస్టన్‌లో మొదలైంది, మెలోడిక్ ఇంటొనేషన్ థెరపీ అంటారు. మనం చెప్పింది అర్థమై, నోట మాట మాత్రం రాని వాళ్లకి ఇది ఎక్కువగా పనికొస్తుంది, అంటే మీ నాన్నగారి లాంటి వాళ్లకి. ఎలా చెయ్యాలో రాస్తున్నాను. ఆయన పాత పాటలు పాడించడం ఒక్కటే సరిపోదు. రోజూ అవసరమయ్యే మాటని పాట చెయ్యాలి. "నీళ్లు కావాలి" తీసుకోండి. రెండే స్వరాలు, ఒకటి పైకి, ఒకటి కిందకి. ఒక్కో అక్షరానికి ఆయన ఎడం చేతిని మీరు పట్టుకుని ఒక్కో దెబ్బ వేయించండి. ముందు మీరు కూనిరాగంగా అనండి, తర్వాత మాటలతో కలిసి పాడండి, తర్వాత సగంలో మీరు ఆగిపోండి, ఆయన్నే పూర్తి చెయ్యనివ్వండి. అది కుదిరాక "ఏం కావాలి నాన్నా?" అని అడగండి. జవాబు రాగంతో వస్తే చాలు. వారాలు గడిచే కొద్దీ రాగం తగ్గిస్తూ మామూలు మాటలోకి దింపాలి.

ఎడం చేత్తో దరువు వేయడం ఈ పద్ధతిలోనే ఉంది, మీ నాన్నగారు ఎవరూ చెప్పకుండానే మొదలుపెట్టేశారు, అది చదివి నాకు ఒళ్లు పులకరించింది. అందరికీ ఒకేలా ఫలితం రాదు. దగ్గర్లో స్పీచ్ థెరపిస్ట్‌ని ఒకసారి కలిసి, వాళ్లు చూపించినట్టు ఇంట్లో రోజూ చెయ్యండి. ఆయన తడబడితే మాట మీరు అందించెయ్యకండి, కాస్త ఆగండి.

ఇది చదివే మిగతావాళ్లకి కూడా చెప్తున్నా. మూతి వంకరపోవడం, చెయ్యి జారిపోవడం, మాట ముద్దవడం, ఈ మూడింట్లో ఏ ఒక్కటి కనిపించినా 108కి ఫోన్ చెయ్యండి. మెదడు రక్తనాళంలో గడ్డ కరిగించే ఇంజెక్షన్ మొదటి నాలుగున్నర గంటల్లోపే ఇవ్వాలి.

ఉద్దానం పిల్ల (కవిటి)

అప్పా, మాది వేరే జబ్బు, కానీ పాట సంగతి కాబట్టి రాస్తున్నాను. మా అమ్మకి కిడ్నీలు పోయాయి, మా వైపు ఇంటికొకరన్నట్టు ఉన్నారు. వారానికి మూడుసార్లు డయాలసిస్, ఒక్కోసారి నాలుగు గంటలు. మొదట్లో ఆ నాలుగు గంటలూ గోడ గడియారం వైపే చూసేది. సినిమా పాటలు పెట్టి ఇయర్‌ఫోన్స్ ఇస్తే పది నిమిషాల్లో తీసేసింది. ఒకసారి ఊళ్లో మా పెద్దమ్మ చేత ఊడుపు పాటలు పాడించి ఫోన్‌లో రికార్డ్ చేసి తీసుకెళ్లాను. అమ్మా పెద్దమ్మా చిన్నప్పుడు ఒకే మడిలో నాట్లు వేస్తూ పాడుకున్నవి. ఆ రోజు అమ్మ కళ్లు మూసుకుని పెదాలు కదుపుతూ ఉండిపోయింది. కాళ్ల తిమ్మిర్లు తగ్గాయని చెప్పలేను, అవి వస్తూనే ఉన్నాయి. గడియారం చూడటం మాత్రం మానేసింది. పక్క మంచం ఆవిడ "నాకూ వినిపించవా" అని అడిగింది, ఇప్పుడు ఇద్దరికీ చెరో ఇయర్‌ఫోన్.

రాజాం రోడ్డు

అందరూ మంచే రాస్తున్నారు కాబట్టి నాకు ఎదురైంది కూడా చెప్పాలి. మా తాత చెక్కభజన మనిషి. ఆయనకి మతిమరుపు ముదిరాక చుట్టాలొచ్చినప్పుడల్లా "తాతా పాడు, పాడు" అని ఫోన్లు పెట్టేవాళ్లం. ఒకరోజు చేతిలో గ్లాసు విసిరేశాడు. మేము పాట అడుగుతున్నాం అనుకున్నాం, ఆయనకి అది పరీక్ష పెట్టినట్టు ఉండేదని తర్వాత అర్థమైంది. ఆయనంతట ఆయన ఎత్తుకున్నప్పుడు మనం కలవాలి. తుమ్మెద గారూ, నాన్నగారిని నలుగురిలో పాడించకండి.

నాగావళి ఒడ్డు

డీజేల మీద రాయాలి. ఒకప్పుడు సంబరం అంటే తోలేళ్ల రాత్రి, అంటే పండగ ముందు రోజు రాత్రి, తప్పెటగుళ్లు ఒక పక్క, జముకు వాయిస్తూ చెప్పే జముకుల కథ ఇంకో పక్క. తప్పెటగుళ్ల వాళ్లు ఒకరి భుజాల మీద ఒకరు ఎక్కి గోపురం కట్టి, పైనవాడు కూడా దరువు తప్పకుండా వాయిస్తుంటే ముసలాళ్లు నిలబడిపోయి చూసేవారు. జముకు చప్పుడు ఎంత పెద్దదైనా మనిషి చేతిదే, చెయ్యి అలిసిపోతే ఆగుతుంది. బాక్సు అలిసిపోదు. నాకు తెలిసి మా చుట్టుపక్కల మూడు జట్లు ఉండేవి, ఇప్పుడు ఒక్కటి, అందులోనూ 50 దాటనివాడు లేడు. ఈ డీజేలే మన పాటని చంపేశాయి.

సౌండ్ తమ్ముడు (చీపురుపల్లి)

అన్నయ్యా, నేను ఆ డీజే బండి మీద పనిచేసేవాడినే. ఏం పెట్టాలో, ఎంత సౌండ్ పెట్టాలో మేము తేల్చం, కమిటీ వాళ్లు తేలుస్తారు. పక్క ఊరి కంటే మాది గట్టిగా వినపడాలంటారు. తగ్గిస్తే డబ్బుల్లో కోత పెడతారు. డిగ్రీ చదివాను, వేరే పని దొరక్క ఇందులోకొచ్చాను.

నా సంగతి కూడా వినండి. ఆరేళ్ల నుంచి బాక్సుల పక్కన నిలబడుతున్నాను. రెండేళ్లుగా రాత్రి పడుకుంటే చెవుల్లో గుయ్యిమని ఒకటే రొద. చెవి డాక్టర్ దగ్గర పరీక్ష చేయిస్తే సన్నటి శబ్దాలు వినపడే భాగం దెబ్బతిందన్నారు, పోయింది తిరిగి రాదన్నారు. 85 డెసిబెల్స్ దగ్గర మనిషి 8 గంటలు ఉండొచ్చట, మూడు పెరిగిన ప్రతిసారీ ఆ టైమ్ సగానికి పడిపోతుందట. అంటే 100 దగ్గర 15 నిమిషాలే. మా బండి ముందు ఎగిరే చిన్న పిల్లలు గంటల తరబడి అక్కడే ఉంటారు. నేను ఇప్పుడు చెవుల్లో ప్లగ్‌లు పెట్టుకుంటున్నాను, పిల్లల్ని బాక్సుల ముందు నుంచి వెనక్కి పంపుతున్నాను.

తుమ్మెద అప్పా, ఈసారి మీ ఊరికి ఎవరి బండి వచ్చినా ముందుగానే వెళ్లి ఇంట్లో పక్షవాతం మనిషి ఉన్నాడని చెప్పండి. బాక్సుల ముఖం అటు తిప్పేసి, బేస్ తగ్గిస్తే చాలా తేడా ఉంటుంది. కిటికీ రేకులు అదిరేది బేస్ వల్లే. చెప్తే వినేవాళ్లం కూడా ఉన్నాం.

నాగావళి ఒడ్డు

తమ్ముడూ, తొందరపడి రాశాను. తప్పు పని ఇచ్చేవాళ్లది, నీది కాదు. చెవులు జాగ్రత్త బాబూ.

కోర్టు వీధి (విజయనగరం)

చట్టం సంగతి నేను చెప్తాను. 2000 సంవత్సరంలో కేంద్రం శబ్ద కాలుష్య నియమాలు తెచ్చింది. మైకు గానీ బాక్సులు గానీ పెట్టాలంటే రాతపూర్వకంగా అనుమతి ఉండాలి. రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా బయట వాడకూడదు. ఇళ్లున్న చోట పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45, అదీ హద్దు. ఆసుపత్రి, బడి, కోర్టుల చుట్టూ 100 మీటర్లు ఇంకా తక్కువ. పండగలకి రాష్ట్ర ప్రభుత్వం రాత్రి 12 దాకా సడలింపు ఇవ్వొచ్చు, అదీ ఏడాదిలో 15 రోజులకి మించకుండా. కాబట్టి ఒంటిగంట దాకా అన్నారే, అది ఏ లెక్కన చూసినా తప్పే. 2005లో సుప్రీంకోర్టు పెద్ద తీర్పు ఇచ్చింది, మాట్లాడే హక్కు ఒకరికుంటే విననని చెప్పే హక్కు అవతలివాళ్లకీ ఉందన్నది అందులో సారం. రాత్రి 10 దాటితే 112కి ఫోన్ చెయ్యొచ్చు.

అయినా నా అనుభవంలో సంబరానికి పది రోజుల ముందు కమిటీ పెద్దల్ని ఇంటికి పిలిచి రోగిని చూపించడం, ఆ రాత్రి పోలీసుని పిలవడం కంటే మేలు. మనం అదే వీధిలో బతకాలి. వినకపోతే అప్పుడు మొహమాటపడొద్దు.

పాటకీ చట్టానికీ లంకె మన జిల్లాలకి కొత్త కాదు. నరసన్నపేట దగ్గర గోనెపాడులో పుట్టిన గరిమెళ్ల సత్యనారాయణ గారు తెల్లదొరతనం మాకొద్దని పాట రాసి పాడినందుకే జైలుకెళ్లారు.

తుమ్మెద

ఇన్ని జవాబులు వస్తాయని అనుకోలేదు. మూడు వారాలైంది, సంగతి చెప్తాను. వైద్యం చేసే ఆవిడని కలిశాం, సిక్కోలు అన్న చెప్పిందే చూపించారు. "నీళ్లు కావాలి" పదకొండో రోజున వచ్చింది. అమ్మ పేరు వచ్చింది. నా పేరు ఇంకా రాలేదు, పర్వాలేదు. రాజాం రోడ్డు గారు చెప్పినట్టు చుట్టాల ముందు పాడించడం ఆపేశాను.

ఇంకో చిక్కొచ్చింది. నాన్న ఆరోగ్యంగా ఉన్నప్పుడు పాడిన వీడియో ఒకటి యూట్యూబ్‌లో పెట్టాను, ఆయన జట్టువాళ్లు చూస్తారని. రెండో రోజే ఒక మ్యూజిక్ కంపెనీ పేరుతో కాపీరైట్ క్లెయిమ్ వచ్చింది. అది మా తాత దగ్గర నాన్న నేర్చుకున్న పాట, తాత ఆయన తండ్రి దగ్గర నేర్చుకున్నది. అది చదివి చాలా బాధేసింది. మా పాట మాది కాదంటే ఎలా?

కోర్టు వీధి

బాధపడకమ్మా. రాసినవాడు బతికినంత కాలం, పోయాక 60 ఏళ్లు, అదీ పాటకి కాపీరైట్ గడువు. ఎవరు కట్టారో తెలియకుండా తరాల నుంచి వస్తున్న పాటని ఏ కంపెనీ నాది అనడానికి లేదు. వాళ్లకి ఉండేది వాళ్లు చేయించిన రికార్డింగ్ మీద, అందులో కొత్తగా కలిపిన సంగీతం, మాటల మీద మాత్రమే. మీ నాన్నగారు పాడింది మీ నాన్నగారిదే, మన చట్టంలో పాడినవాళ్లకి వేరే హక్కు ఉంది, 50 ఏళ్లు.

యూట్యూబ్‌లో ఈ పోలికలు మిషనే పట్టేస్తుంది, వరస కలిస్తే క్లెయిమ్ వేసేస్తుంది. మీరు అభ్యంతరం పెట్టండి, ఇది సంప్రదాయ పాట, పాడింది మా నాన్న, రికార్డింగ్ మాది అని రాయండి. జవాబివ్వడానికి కంపెనీకి 30 రోజులు టైమ్ ఉంటుంది, ఇవ్వకపోతే క్లెయిమ్ పోతుంది. పెట్టేముందు ఒక్కటి చూసుకోండి, వీడియోలో వెనక టీవీలోంచో బాక్సులోంచో వాళ్ల పాట వినిపించకూడదు. అలా ఉంటే అభ్యంతరం నిలవదు.

బొబ్బిలి

విజయనగరం సంగీత కళాశాల 1919లో పెట్టారు. ఆదిభట్ల నారాయణదాసు గారు మొదటి ప్రిన్సిపాల్, వయొలిన్ విద్వాంసులు ద్వారం వెంకటస్వామి నాయుడు గారు అక్కడ పాఠం చెప్పారు, ఘంటసాల గారు ఊళ్లో మధుకరం ఎత్తుకుంటూ అక్కడే చదివారు. ఇవన్నీ మా ఇంట్లో గర్వంగా చెప్పుకుంటాం. తప్పెట పాటలు మాత్రం నోటి నుంచి నోటికే వచ్చాయి, ఆ నోరు ఆగితే పాట కూడా ఆగిపోతుంది. అందుకని తుమ్మెదా, ఒక వీడియోతో ఊరుకోకు. నాన్నగారికి ఏ పాటలు వచ్చో లిస్టు రాయి, జట్టులో మిగిలినవాళ్లని కూర్చోబెట్టి మొత్తం పాడించు. ఎవరు పాడారు, ఏ ఊరు, ఎవరి దగ్గర నేర్చుకున్నారు, ఇవి వీడియో మొదట్లో వాళ్ల నోటితోనే చెప్పించు. రేపు ఎవరైనా మాదంటే అదే నీకు సాక్ష్యం.

తుమ్మెద

అభ్యంతరం పెట్టాను, ఇంకా జవాబు రాలేదు, 18 రోజులైంది. కమిటీ పెద్దాయన ఇంటికొచ్చి నాన్నని చూసి వెళ్లాడు, వచ్చే ఏడు తోలేళ్ల రాత్రి తప్పెటగుళ్లు పెడదామన్నాడు, చూడాలి. ఈ ఆదివారం జట్టులో మిగిలిన ఇద్దరు బాబాయిలు వస్తామన్నారు. నాన్నకి చెప్తే ఎడం చేత్తో అటక వైపు చూపించాడు. తప్పెట అక్కడే ఉంది. దించి, తుప్పు తుడిచి, తాడు మార్చాను. గంగమ్మ కథ ఎంతవరకు వస్తే అంతవరకు రికార్డ్ చేసి ఇక్కడ చెప్తాను.