అమ్మమ్మ చీరలతో బొంత కుట్టాలి, ఎలా మొదలుపెట్టాలి?

ప్రశ్న: అమ్మమ్మ పాత నేత చీరలు బీరువాలో ఒక అర నిండా ఉన్నాయి, కట్టుకోవడానికి పనికిరావు, పారేయడానికి మనసొప్పట్లేదు. పుట్టబోయే బిడ్డకి వాటితో బొంత కుట్టాలని ఆశ. ఎన్ని పొరలు వేయాలి? మిషన్ మీద కుట్టొచ్చా? రెండు పట్టుచీరలున్నాయి, అవీ కలపొచ్చా?

జవాబు 1: పట్టు కలపకండి. ఉతికితే నూలు ఒకలా, పట్టు ఒకలా ముడుచుకుంటాయి, పైగా జరీ బిడ్డకి గుచ్చుకుంటుంది. నూలు చీరలు గంజి పోయేదాకా ఉతకండి. నాలుగు పొరలు చాలు, అన్నిటికంటే మెత్తబడ్డ చీర పైకి రావాలి. నేలమీద ముడతల్లేకుండా పరిచి, మూలల్లో బరువులు పెట్టి, ముందు పెద్ద పెద్ద టాకాలు వేసుకోండి, లేకపోతే కుట్టేకొద్దీ పొరలు జరిగిపోయి ఒకవైపు ఉబ్బుతుంది. ఈ ఒక్క పనికి మాత్రం బద్ధకించకండి.

జవాబు 2: చేత్తోనే కుట్టు అక్కా. మా ఇంట్లో బొంత చిరిగితే విప్పరు, దానిమీదే ఇంకో చీర వేసి కుట్టేస్తారు, అందుకే మా నానమ్మ బొంతలో అత్తల చీరలు, తాతయ్య పంచెలు అన్నీ ఉన్నాయి. పసిబిడ్డకి కప్పకు, కింద పరుపుగా వెయ్యి.

జవాబు 3: కర్ణాటకలోని ఉత్తర కన్నడ జిల్లాలో ఆఫ్రికా మూలాలున్న సిద్దీ తెగ మహిళలు కుట్టే కవంది అనే అతుకుల బొంత చూడండి. అంచు నుంచి మొదలుపెట్టి ముక్కలు అతుకుతూ చుట్టూ తిరిగి నడిమికి వస్తారు, మూలల్లో మడత ముక్కలతో పువ్వులు పెడతారు. రంగుల ధైర్యం వాళ్ల దగ్గరే నేర్చుకోవాలి. మీ చీరల కొంగులు అలా వాడితే చాలా బాగుంటుంది.