జీడి పూత నల్లగా మాడిపోతోంది, ఇది మంచుకా, తెగులుకా?

ఉద్దానం_కుర్రాడు: మాది వజ్రపుకొత్తూరు వైపు, రెండెకరాల జీడి. తిత్లీ తుఫానుకి పోగా మిగిలిన పాత చెట్లు కొన్ని, ఆ తర్వాత వేసినవి కొన్ని. ఈసారి పూత బాగా వచ్చిందనుకుంటే వారం రోజుల్లో కంకులు నల్లబడి ఎండిపోతున్నాయి. నాన్న మంచుకు మాడిందంటున్నారు, మందుల షాపు ఆయన తెగులని పొడి మందు ఇచ్చాడు, కొట్టినా తేడా లేదు. ఒక పాత చెట్టయితే ఆకులు పచ్చబడి రాలుతోంది. టెన్షన్‌గా ఉంది, ఎవరైనా చెప్పండి.

తోటమాలి_59: మంచు మీదకి నెట్టేయడం మనకి అలవాటే తమ్ముడూ. పొద్దున్నే ఎండెక్కక ముందు వెళ్లి లేత చిగుళ్లు తిప్పి చూడు. ఒళ్లు ఎర్రటి గోధుమ రంగు, తల నల్లగా, వీపు మీద గుండుసూదిలా ఒక ముల్లు నిలబడి ఉంటే అది తేయాకు దోమ. పేరుకే దోమ, నిజానికి నల్లి జాతి. అది రసం పీల్చిన చోట నల్లమచ్చ పడి, బంక చుక్క కారి, కొమ్మ కొస ఎండుతుంది. ఆ గాయంలోంచి తర్వాత శిలీంధ్రం చేరుతుంది కాబట్టి చూసేవాళ్లకి తెగులులాగే కనిపిస్తుంది, కానీ తెగులు మందుకి పురుగు చావదు కదా. లామ్డా సైహలోత్రిన్ 5 శాతం మందు లీటరు నీటికి 0.6 మి.లీ. కలిపి కొట్టు. అసలు చిగురు దశలోనే ఒకసారి కొట్టాల్సింది. ఇప్పుడు పూత మీద తేనెటీగలుంటాయి, సాయంత్రమే కొట్టు. గట్టున వేప, జామ ఉంటే వాటినీ చూడు, అక్కడా బతుకుతుంది.

మన్యం_జీడి: ఆకులు కుట్టి గూడు కట్టే ఎర్ర చీమలున్న చెట్ల మీద మాకు ఈ దోమ తక్కువ. కుడతాయని అందరూ గూళ్లు కాల్చేస్తారు. పిక్కలు ఏరేటప్పుడు నరకమే అనుకోండి, అయినా నేను ఉంచేస్తున్నా.

పాత_తోట: అందరూ పూత గురించే చెబుతున్నారు, ఆ పచ్చబడిన చెట్టు సంగతి వదిలేశారు. బాబూ, మొదలు దగ్గర మట్టి తీసి చూడు. చిన్న కన్నాలు, వాటిలోంచి రంపపు పొట్టు, బంక కనిపిస్తే కాండం తొలిచే పురుగు. సగం చుట్టూ బెరడు తినేసి ఉంటే ఆ చెట్టు మీద ఆశ వదులుకో, వేళ్లతో సహా తవ్వి తోట బయటకు తీసుకుపోయి కాల్చు. పక్క చెట్లలో ఇప్పుడిప్పుడే మొదలైతే ఉలితో బెరడు చెక్కి పురుగు తీసేసి, క్లోరిపైరిఫాస్ లీటరుకి 10 మి.లీ. కలిపి మొదలు నుంచి మీటరు ఎత్తు వరకు తడుపు. గాలివానకి వేళ్లు బయటపడ్డ చెట్లకి మట్టి కప్పు.

ఉద్దానం_కుర్రాడు: చూశాను. దోమే, ముల్లు కూడా కనిపించింది. పాత చెట్టు మొదట్లో చెక్కితే వేలంత లావు పురుగులు ఏడు దొరికాయి. నాన్న ఆ చెట్టు తీసేయడానికి ఒప్పుకున్నారు గానీ దాని దుంగల్ని వంటచెరుకుకి తోటలోనే పేర్చుతానంటున్నారు.

పాత_తోట: వద్దని చెప్పు. లోపలున్న పురుగు రెక్కలొచ్చి పక్క చెట్టుకే పోతుంది.