అప్‌డేట్: నడిమధ్య చుక్క గుట్టు తెలిసింది

పోయిన నెల అడిగాను కదా, ఫ్యూజ్డ్ సిలికా (ఓ రకం గాజు) మీద చెక్కించిన రెండు మెట్ల గ్రేటింగ్‌తో (అంటే వెలుగుని చీల్చే, ఒకే లోతు సన్నటి గాడుల వరసతో) పచ్చ లేజర్‌ని చీలిస్తే గోడ మీద నడిమధ్యన, ఉండకూడని ఓ మొండి చుక్క మిగిలిపోతోందని. తప్పు నాదే. "గాడుల లోతు కొలిచావా?" అన్నవాళ్లకి దండం. ప్రొఫైలోమీటర్ (ఎత్తుపల్లాలు కొలిచే పరికరం) కింద పెడితే 693 నానోమీటర్లు! అది 633 నానోమీటర్ల ఎర్ర లేజర్‌కి సరిపోయే లోతు. పాత డిజైన్ ఫైల్లో తరంగదైర్ఘ్యం మార్చడం మర్చిపోయాను.

నా పచ్చ లేజర్ తరంగదైర్ఘ్యం 532కి 577 లోతు చాలు: గాజు వక్రీభవన గుణకంలోంచి 1 తీసేసి, రెట్టింపు చేసి, దాంతో తరంగదైర్ఘ్యాన్ని భాగించడమే. ఆ తేడాకే దాదాపు పదో వంతు వెలుగు తిన్నగా దూసుకుపోయింది.

మాస్క్ (గాడుల నమూనా అచ్చు) పాతదే, చెక్కే సమయం తగ్గించారంతే. నిన్న కొత్త ముక్క వచ్చింది, లోతు 581. చుక్కలోకి పోయే వెలుగు ఒక శాతం లోపే, గదిలో లైటార్పితేగానీ చుక్క కనబడట్లేదు. ఆ మిగిలినదానికి కారణం గాడుల వెడల్పు తేడా అనుకుంటా.