బూడిద కప్పిన కంకర అడవి నేలలు: గులకల శాతాన్నీ నీటి నిల్వనూ ఎలా లెక్కించాలి?

ప్రశ్న (మట్టిపొర)

అందరికీ నమస్కారం. నేను మృత్తికా శాస్త్రంలో ఇటీవలే పరిశోధన మొదలుపెట్టాను. అమెరికాలోని ఉత్తర ఐడహో, ఈశాన్య వాషింగ్టన్ అడవుల్లో, హిమానీనదాలు వదిలిపోయిన కంకర మీద అగ్నిపర్వత బూడిద పరుచుకోవడం వల్ల ఏర్పడిన నేలలు నా అధ్యయన విషయం. అభ్యాసం కోసం నాకు ఇచ్చిన ఒక నేల గుంట వివరాలు ఇవి: పైన 40 సెంటీమీటర్ల బూడిద పొర, అందులో బరువు ప్రకారం 35 శాతం గులకలు, గులకలు తీసేసిన మెత్తని మట్టి సాంద్రత ఘన సెంటీమీటరుకు 0.75 గ్రాములు; దాని కింద మరో 60 సెంటీమీటర్ల మందాన ముతక ఇసుకతో కూడిన కంకర, అందులో బరువు ప్రకారం 70 శాతం గులకలు, మిగిలిన ఇసుక సాంద్రత 1.5.

నాకు మూడు సందేహాలు ఉన్నాయి. మొదటిది, మూడో వంతు బరువు గులకలదే అయినా వర్ణనలో పై పొరను ‘గులకల నేల’ అని ఎందుకు రాయలేదు? రెండవది, గులకలతో సహా పై పొర సాంద్రత లెక్కిస్తే నాకు 1.00 వచ్చింది, బూడిద నేలలకు 0.90 మించకూడదని చదివాను కనుక ఇది ఆండిసోల్ (అగ్నిపర్వత బూడిద నేలల వర్గం) కాదని అనుకోవాలా? మూడవది, ఇంత కంకర ఉన్న నేల ఎండిపోవాలి కదా, మరి అక్కడ తేమ కోరే వెస్టర్న్ రెడ్ సీడార్, హెమ్లాక్ వంటి శంకుధారి వృక్షాలు ఎలా పెరుగుతున్నాయి?

సమాధానం (శిలాజాడ)

లెక్కలు మరొకరు చెబుతారు కనుక నేను ఈ పొరల పుట్టుక వరకే చెబుతాను. మీ గుంటలోని రెండు పొరలు ఒకే కాలానివి కావు, ఒకే చోటి నుంచి వచ్చినవి కూడా కావు. కార్డిలేరన్ మంచు పలక ఉత్తరం నుంచి ఆ లోయల్లోకి దిగి, తిరిగి కరుగుతూ వెనక్కి పోయినప్పుడు టిల్‌నూ అవుట్‌వాష్‌నూ వదిలిపోయింది. మంచు నేరుగా పడవేసిన, బండరాయి నుంచి బంకమన్ను దాకా అన్నీ కలగలిసిన పదార్థం టిల్. కరిగిన నీరు మోసుకొచ్చి, మెత్తని భాగాన్ని కడిగేసి, ఇసుకనూ గులకలనూ పొరలుగా పేర్చినది అవుట్‌వాష్. మీ కింది పొర వర్ణన చూస్తే రెండో రకమేనని స్పష్టంగా తెలుస్తోంది.

ఆ తరువాత కొన్ని వేల ఏళ్లు గడిచాక, అంటే ఇప్పటికి సుమారు 7,700 ఏళ్ల కిందట, ఒరెగాన్‌లోని మజామా పర్వతం బద్దలై కుప్పకూలింది. ఇప్పుడు క్రేటర్ సరస్సు ఉన్నది ఆ కూలిన గుంతలోనే. అక్కడి నుంచి గాలిలో ఈశాన్యంగా కొట్టుకొచ్చిన బూడిదే ఈ అడవుల పై పొరకు మూలం. 1980 మే 18న సెయింట్ హెలెన్స్ పర్వతం చిమ్మిన బూడిద కూడా ఈ ప్రాంతంలో పడింది గాని, మజామా బూడిదతో పోలిస్తే అది ఒక పలుచని పూత మాత్రమే.

అంత దూరం గాలిలో వచ్చే బూడిదలో గులకరాయి ఉండే అవకాశమే లేదు. కాబట్టి మీ పై పొరలో ఉన్న ప్రతి గులకా కింది నుంచి పైకి వచ్చినదే. గాలివానకు పెద్ద చెట్టు వేళ్లతో సహా పెకలించుకుని పడినప్పుడు వేళ్ల మధ్య చిక్కుకున్న కంకర పైకి లేస్తుంది. ఆ వేళ్లు కుళ్లిపోయాక అది బూడిదలో కలిసిపోతుంది. బొరియలు తవ్వే జంతువులు, గడ్డకట్టి కరిగే నేల, వాలు మీద నెమ్మదిగా జారే మట్టి ఇదే పనిని చిన్న మోతాదులో చేస్తూ ఉంటాయి. అందువల్ల పై పొరలోని గులకల శాతాన్ని ఆ స్థలం ఎంతగా కలతపడిందో చెప్పే కొలతగా నేను చదువుతాను. ఇది నా అలవాటు మాత్రమే, ఎక్కడా నియమంగా రాసి లేదు.

సమాధానం (తూనికరాయి)

మీ మొదటి రెండు సందేహాలకు మూలం ఒక్కటే: బరువు శాతాన్నీ ఘనపరిమాణ శాతాన్నీ ఒకటిగా చూడడం. నేల వర్ణనలో గులకలను ఘనపరిమాణం ప్రకారం లెక్కిస్తారు. 15 శాతం చేరితే ‘గులకల’ అనే విశేషణం చేరుతుంది, 35 దాటితే ‘అధిక గులకల’, 60 దాటితే ‘అత్యధిక గులకల’ అని రాస్తారు.

ఇప్పుడు 100 గ్రాముల పై పొరను తీసుకోండి. రాతి సాంద్రత 2.65 అనుకుంటే 35 గ్రాముల గులకలు 13.2 ఘన సెంటీమీటర్ల చోటు తీసుకుంటాయి. మిగిలిన 65 గ్రాముల బూడిద మట్టి, 0.75 సాంద్రతతో, 86.7 ఘన సెంటీమీటర్లు ఆక్రమిస్తుంది. అంటే ఘనపరిమాణంలో గులకల వాటా 13 శాతమే, 15కు లోపే ఉంది కనుక విశేషణం రాలేదు. అదే 35 శాతం బరువు, 1.4 సాంద్రత ఉన్న మామూలు మట్టిలో ఉండి ఉంటే ఘనపరిమాణంలో 22 శాతం అయ్యేది, పేరు మారిపోయేది. బూడిద అంత తేలిక కనుకనే జల్లెడ దగ్గర గులకలు ఉన్నదానికంటే ఎక్కువగా కనిపిస్తాయి. మీ కింది పొరకు ఇదే లెక్క వేస్తే గులకలు ఘనపరిమాణంలో సుమారు 57 శాతం వస్తాయి. అది ‘అధిక గులకల’ పొర.

మీకు వచ్చిన 1.00 తప్పు కాదు. వంద గ్రాములు దాదాపు వంద ఘన సెంటీమీటర్లలో ఉన్నాయి కదా. అయితే 0.90 అనే హద్దు గులకలు తీసేసిన మెత్తని మట్టికి, అదీ తేమగా ఉన్న స్థితిలో వర్తించేది. మీ మట్టి 0.75 వద్ద ఆ పరీక్షను దాటుతోంది. ఇంకొక మాట: అగ్నిపర్వత గాజు ఇంకా పెద్దగా శిథిలం కాని నేలలకు వర్గీకరణలో వేరే దారి ఉంది, అందులో గాజు శాతం, ఆక్సలేట్ ద్రావణంలో కరిగే అల్యూమినియం, ఇనుము, ఫాస్ఫేట్‌ను పట్టి ఉంచే గుణం చూస్తారు, సాంద్రత షరతు లేదు. ఈ ప్రాంతపు నేలలు చాలావరకు ఆ దారినే ఆండిసోల్స్‌లో చేరుతాయి. వాటిలో ఒక రకమైన విట్రిజెరాండ్స్ పేరులోని ‘విట్రి’ ఆ గాజునే సూచిస్తుంది.

క్షేత్రంలో ఒక జాగ్రత్త అవసరం. గులకలున్న నేలలో లోహపు గొట్టం దించి నమూనా తీయడం నమ్మదగినది కాదు, ఎందుకంటే గొట్టం రాయికి తగలగానే బూడిద నలిగిపోయి సాంద్రత ఎక్కువగా చూపిస్తుంది. చిన్న గుంట తవ్వి, వచ్చిన మట్టినంతా తూచి, గుంటలో పలుచని ప్లాస్టిక్ పరిచి నీటితో నింపి ఘనపరిమాణం కొలవడం మేలు.

సమాధానం (వేరుదారి)

నాకు ఆసక్తి ఉన్నది మూడో సందేహంలో. ఆ ప్రాంతంలో తేమ ఎక్కువగా చలికాలపు మంచుగా, వానగా వస్తుంది. వేసవి పొడిగా గడుస్తుంది. చెట్టు వేసవిని దాటాలంటే వసంతంలో నేల దాచుకున్న నీరే ఆధారం. కనుక నేల ఎంత నీటిని పట్టి ఉంచుతుందన్నది అక్కడ చావుబతుకుల ప్రశ్న.

మీ గుంటకే లెక్క వేద్దాం. బూడిద మట్టి ప్రతి సెంటీమీటరు లోతుకూ మొక్కకు అందే నీటిని 0.25 సెంటీమీటరు, ముతక ఇసుక 0.06 సెంటీమీటరు పట్టి ఉంచుతాయని అనుకోండి. ఇవి ఉదాహరణ కోసం తీసుకున్న అంకెలు. గులకల చోటు తీసేశాక పై 40 సెంటీమీటర్లలో 8.7 సెంటీమీటర్ల నీరు, కింది 60 సెంటీమీటర్లలో 1.5 సెంటీమీటర్ల నీరు ఉంటాయి. మీటరు లోతంతా కంకరే అయితే మొత్తం 2.6 దాటదు. అంటే మీటరు లోతులో సగం కూడా లేని బూడిద పొర నీటి నిల్వను నాలుగింతలు చేస్తోంది. గాజు కణాల్లోని సూక్ష్మ రంధ్రాలు, వాటి నుంచి పుట్టిన అల్లోఫేన్, ఇమోగోలైట్ వంటి పదార్థాల బోలు నిర్మాణం ఇందుకు కారణాలు.

నిజానికి ఈ లెక్క కూడా తక్కువే చూపుతోంది. మెత్తని పొర కింద ముతక పొర ఉన్నప్పుడు నీరు వెంటనే కిందికి దిగదు. బూడిదలోని సన్నని రంధ్రాలు కేశనాళికల్లా నీటిని పట్టి ఉంచుతాయి. కంకరలోని పెద్ద ఖాళీలకు దానిని లాగే శక్తి లేదు. సరిహద్దు దగ్గర బూడిద దాదాపు నీటితో నిండితే తప్ప కింది పొరలోకి ప్రవాహం మొదలు కాదు. కాబట్టి ప్రయోగశాలలో 33 కిలోపాస్కల్ ఒత్తిడి దగ్గర కొలిచిన క్షేత్ర సామర్థ్యం (అదనపు నీరు దిగిపోయాక నేలలో మిగిలే నీరు) ఇలాంటి చోట అసలు నిల్వకంటే తక్కువగా ఉంటుంది. బాగా పారుదల ఉన్న కంకరే ఇక్కడ పై పొరకు అడుగు బిగించినట్లు పనిచేస్తోంది! కింద దట్టమైన టిల్ ఉంటే పరిస్థితి వేరు: అక్కడ వసంతంలో నీరు ఆ గట్టి పొర మీద నిలుస్తుంది, వేళ్లు లోతుకు పోలేవు, గాలివానకు చెట్లు సులువుగా పడతాయి.

ఇంత సారవంతమైన పొర ఉన్నప్పుడు మిగతా లోపాలు లెక్కలోకి రావన్నది నా అభిప్రాయం.

సమాధానం (శిలాజాడ)

వేరుదారి గారి నీటి లెక్కతో నేను ఏకీభవిస్తాను, కాని ‘సారవంతమైన’ అనే మాటతో ఏకీభవించలేను. నీటిని దాచే గుణం, పోషకాలను అందించే గుణం ఒకటి కావు. బూడిదలో నత్రజని దాదాపు లేనట్లే. అక్కడున్న నత్రజనిలో అధిక భాగం ఆకులు కుళ్లిన పై పొర, సేంద్రియ పదార్థం సమకూర్చినదే. భాస్వరం మొత్తంగా ఉన్నా, అల్లోఫేన్, ఫెర్రిహైడ్రైట్ అనే ఇనుప ఖనిజం ఉపరితలాలు ఫాస్ఫేట్‌ను గట్టిగా పట్టుకుంటాయి కనుక వేళ్లకు అది సులువుగా దొరకదు. వేళ్లతో కలిసి జీవించే శిలీంధ్రాల సాయం లేకపోతే చాలా చెట్లకు కష్టమే. పోషక ధనాయనాలను పట్టి ఉంచే శక్తి కూడా ఆమ్లత పెరిగే కొద్దీ తగ్గిపోతుంది. అందుకే నేల మీది ఆకుల పొరను తీవ్రమైన మంటగాని యంత్రాలుగాని తొలగిస్తే, నీటి నిల్వ అలాగే ఉన్నా అడవి మందగిస్తుంది.

మళ్లీ ప్రశ్న (మట్టిపొర)

తూనికరాయి గారి లెక్కతో నా రెండు చిక్కులూ విడిపోయాయి, ధన్యవాదాలు. ఇంకొక సందేహం. దుంగలు లాగే యంత్రాల దారిలో ఇదే నేల సాంద్రత 0.75 నుంచి 0.92కు పెరిగిందని నా పట్టికలో ఉంది. వేళ్లను అడ్డుకునే సాంద్రత ఇసుక, ఒండ్రు నేలల్లో 1.4 పైమాటే అని చదివాను. అలాంటప్పుడు 0.92ను ప్రమాదం లేనిదిగా రాయవచ్చా?

సమాధానం (తూనికరాయి)

రాయకండి. ఈ నేలల విషయంలో చాలామంది పొరబడేది ఇక్కడే. 1.4 అనే హద్దు ఖనిజ కణాలు దట్టంగా అమరే మామూలు నేలలది. మీ నేలలో పెరుగుదల 23 శాతం. ముందుగా నలిగేవి గాలి ఆడే, నీరు త్వరగా ఇంకే పెద్ద రంధ్రాలే కనుక, అంకె ఒకటికి లోపే ఉన్నా వాన నీరు ఇంకక వాలు వెంట పారడం మొదలవుతుంది, బూడిద కొట్టుకుపోతుంది. బూడిద మట్టి తేమగా ఉన్నప్పుడు బలం బాగా తక్కువ. చేతివేళ్ల మధ్య నలిపితే మొదట గట్టిగా అనిపించి, ఒక్కసారిగా జారిపోయి తడి వదులుతుంది. చక్రం కింద జరిగేదీ అదే. నలిగిన పొర తిరిగి గుల్లబారడానికి దశాబ్దాలు పట్టవచ్చు, కొట్టుకుపోయిన బూడిద మాత్రం తిరిగి రాదు. సాంద్రతను ఎప్పుడూ పక్కనే ఉన్న తాకని నేలతో పోల్చి శాతంగా రాయండి.

సమాధానం (వేరుదారి)

శిలాజాడ గారి సవరణను అంగీకరిస్తున్నాను. ‘నీటి విషయంలో ఉదారమైన’ అని రాసి ఉండవలసింది.

మట్టిపొర గారికి ప్రయోగశాల గురించి ఒక మాట. నమూనాలను ఎండబెట్టాక కణ పరిమాణాన్ని కొలవకండి. అల్లోఫేన్ వంటి పదార్థాలు ఒకసారి ఎండితే ముద్దలుగా బిగుసుకుని తిరిగి విడిపోవు; అప్పుడు బంకమన్ను శాతం చాలా తక్కువగా వస్తుంది, నీటిని పట్టే గుణం కూడా పడిపోతుంది. క్షేత్రంలో బూడిదను గుర్తించడానికి సోడియం ఫ్లోరైడ్ పరీక్ష సులువైనది: చిటికెడు మట్టిని ఆ ద్రావణంలో కలిపాక రెండు నిమిషాల్లో పీహెచ్ 9.4 దాటితే చురుకైన అల్యూమినియం ఉన్నట్లు. అయితే సున్నపురాయి కలిసిన హిమానీ నిక్షేపాలు కూడా అలాంటి ఫలితాన్నే ఇచ్చి మోసం చేస్తాయి కనుక ముందుగా ఆమ్లపు చుక్క వేసి, నురగ రాలేదని చూసుకోవాలి.

మట్టిపొర

నాకు ఇచ్చిన రెండో గుంట దక్షిణపు వాలు మీదిది. అందులో బూడిద పొర 29 సెంటీమీటర్లే ఉంది, కింద అదే కంకర. పై 60 సెంటీమీటర్లలో 60 శాతం, అంటే 36 సెంటీమీటర్లు బూడిద గుణాలు ఉంటేనే ఆండిసోల్ అవుతుంది కనుక, దాన్ని వేరే వర్గంలో విట్రాండిక్ (గాజు బూడిద ప్రభావం కొంత ఉన్న) ఉపవర్గంగా రాయబోతున్నాను. నీటి లెక్కను మాత్రం రెండు గుంటలకూ ఒకే పద్ధతిలో, ఘనపరిమాణం ప్రకారమే వేస్తాను.

శిలాజాడ

సరైన నిర్ణయమే. దక్షిణపు వాలుల మీద మంటలు, కోత ఎక్కువ కనుక బూడిద పలచబడడం అక్కడ తరచుగా కనిపిస్తుంది. అయితే ఆ 29 సెంటీమీటర్లు కొలిచింది ఒకే చోటనా, గుంట నాలుగు గోడల మీదా అన్నది కూడా రాయండి; చెట్టు పెకలించుకున్న చోట పొర మందం ఒక గోడకూ మరొక గోడకూ సగానికి సగం తేడా రావచ్చు.