కంచి కథ పద్యనాటకం: మాణిక పాట ఉంచి పోటీకి పంపాలా, తీసేసి పంపాలా?

రెండో వరుస (బరంపురం)

మొన్న ఆదివారం మన ఊళ్లో ఆడిన కొత్త పద్యనాటకం ఎంతమంది చూశారు? నేను రెండో వరుసలో పంకా కింద చోటు చూసుకుని, తెర పడేదాకా కదలలేదు.

కథ మన జిల్లాల్లో అందరికీ తెలిసిందే, బయటివారి కోసం చెబుతున్నాను. ఒడిశానేలిన గజపతి పురుషోత్తమదేవుడు కంచి రాకుమారి పద్మావతిని కోరతాడు. పూరీ రథయాత్రలో జగన్నాథుడి రథం ముందు చీపురు పట్టే వాడికి పిల్లనివ్వను పొమ్మంటాడు కంచి రాజు. మొదటి యుద్ధంలో గజపతి ఓడిపోతాడు. రెండోసారి దండు కదిలినప్పుడు నల్లగుర్రం మీద జగన్నాథుడు, తెల్లగుర్రం మీద బలభద్రుడు మారువేషాల్లో ముందు నడుస్తారు. దారిలో మాణిక అనే గొల్లపడుచు దగ్గర పెరుగు తాగి, డబ్బు వెనక వచ్చే రాజు ఇస్తాడని గుర్తుగా ఉంగరం ఇచ్చి పోతారు. గెలిచిన రాజు పంతం కొద్దీ పద్మావతిని ఊడ్చేవాడికే కట్టబెట్టమంటాడు. మంత్రి గడుసువాడు. మరుసటి రథయాత్రలో రాజు బంగారు చీపురు పట్టిన క్షణంలో ఆమెను తెచ్చి ఎదుట నిలబెడతాడు.

సమీక్షలు రెండు వచ్చాయి. తెలుగు పత్రిక జిల్లా పేజీలో నటన బాగుందంటూనే, మాణిక ఒడియాలో పాడిన పాటను పట్టుకుని భాష కలగాపులగమైందని రాశారు. ఒడియా పత్రిక సరిగ్గా ఆ పాటనే మెచ్చుకుని, మిగతాచోట్ల రాగం సాగినంత కథ సాగలేదని రాసింది. ఇప్పుడు ఈ నాటకం కోస్తాలో ఒక పరిషత్తు పోటీకి వెళ్తోంది. బహుమతి ఆశ ఉందా? ఆ పాటతోనే వెళ్లాలా?

పలాస జీడిపప్పు (పలాస)

నేను పలాస నుంచి రైలెక్కి వచ్చి చూశాను కాబట్టి మాట్లాడే హక్కు ఉందనుకుంటున్నాను. పాట తీసేయాలి. బాగాలేక కాదు. నా పక్కన కూర్చున్నాయన కళ్లు తుడుచుకున్నాడు. కానీ ఆయన బరంపురం వాడు. కృష్ణ ఒడ్డున కూర్చునే న్యాయనిర్ణేతకు 'దహి నేబ గో' (పెరుగు తీసుకుంటారా) అంటే ఏం తెలుస్తుంది? తెలుగు పద్యనాటకం పోటీకి వచ్చి ఒడియా పాడారని మార్కులు కోస్తారు.

ఇంకొకటి. కంచి రాజు అంటే విజయనగర సామ్రాజ్యమేలిన సాళువ నరసింహరాయలేనని కొందరు చరిత్రకారుల మాట. అన్నమయ్యను సంకెళ్లలో పెట్టిన కథ ఉన్నా, ఆయన తెలుగువారికి పరాయివాడు కాదు. ఆయన్ను అహంకారిగా చూపించే నాటకాన్ని ఆంధ్రలో ఆడితే ఎవరో ఒకరు లేచి అడుగుతారు.

మహేంద్రతనయ (పర్లాకిమిడి)

అడగనివ్వండి. నాటకంలో ఆయన పేరు ఎక్కడా లేదు, 'కంచి రాజు' అనే ఉంది. ఆ లెక్క తరువాతి తరంలో తేలిపోయింది కూడా. పురుషోత్తముడి కొడుకు ప్రతాపరుద్రుడి మీదికి కృష్ణదేవరాయలు దండెత్తి 1514లో ఉదయగిరి, 1515లో కొండవీడు పట్టుకున్నాడు. గజపతి కూతురిని పెళ్లి కూడా చేసుకున్నాడు. వియ్యాలూ కయ్యాలూ రెండు వైపులా సమానమే.

పాట సంగతికి వస్తాను. సంస్కృత నాటకంలో రాజు సంస్కృతం మాట్లాడతాడు, ఆడవాళ్లూ సేవకులూ ప్రాకృతం మాట్లాడతారు. దాన్ని కలగాపులగం అని కాళిదాసును ఎవరూ అనలేదు. చిలికా గట్టున పెరుగమ్ముకునే మనిషి కందపద్యం ఎత్తుకుంటే అది కదా ఎబ్బెట్టు? గిడుగు రామమూర్తి పంతులుగారు ఏళ్ల తరబడి పాఠం చెప్పిన ఊరు మాది. మనిషి మాట్లాడే మాటే రాయాలని ఆయన పోరాడింది ఇక్కడి నుంచే. సవర భాషకు నిఘంటువు చేసిందీ ఆయనే. ఆ ఊరి నుంచి ఒడియా పాట తీసేయమని నేను చెప్పలేను.

గుణుపురం ప్యాసింజరు (గుణుపురం)

చూడలేదు. వీడియో ఎవరి దగ్గరైనా ఉందా?

గంట మాస్టారు (విజయనగరం)

పోటీల్లో నాలుగేళ్లు సమయపాలకుడిగా కూర్చున్నాను. గంట కొట్టేది నేనే, తిట్లు తినేదీ నేనే. అందుకే ఈ పేరు.

మహేంద్రతనయగారూ, మీ వాదన న్యాయమైనదే. కానీ న్యాయనిర్ణేత ముందున్న కాగితంలో 'ప్రాకృతం' అనే గడి ఉండదు. రచన, దర్శకత్వం, నటన, సంగీతం, ఆహార్యం, రంగాలంకరణ, ఇలా గడులుంటాయి. పాట సంగీతం గడిలో నాలుగు మార్కులు తెస్తే, రచన గడిలో రెండు పోగొట్టవచ్చు. ఎటు మొగ్గుతుందో కూర్చున్న మనిషిని బట్టి ఉంటుంది.

అసలు ప్రమాదం పాట కాదు. నాటకం ఎంతసేపు ఆడారు? గడువు దాటితే మార్కులు కోయడం చాలాచోట్ల ఉంది. ఒక ఏడాది హరిశ్చంద్రుడు కాటి సీనులో ఉండగానే గంట కొట్టవలసి వచ్చింది. తెర దించాక ఆయన నల్లగుడ్డతోనే నా బల్ల దగ్గరికి వచ్చి, 'బాబూ, నా కొడుకును కూడా తగలెయ్యనివ్వలేదు' అన్నాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

రెండో వరుస (బరంపురం)

మాస్టారూ, గడియారం చూసే పాడు అలవాటు నాకూ ఉంది. మొత్తం రెండు గంటల పది నిమిషాలు. అందులో పురుషోత్తముడి ఆలాపనలే ఇరవై రెండు నిమిషాలు. మోహనలో మొదలుపెట్టి కల్యాణికి వెళ్లి, అక్కడి నుంచి ఎటు వెళ్లాడో నాకు తెలియలేదు. తిరిగి పద్యంలోకి వచ్చేసరికి ఎదురుగా కత్తి పట్టుకుని నిలబడ్డ సేనాపతి చేయి మార్చుకున్నాడు. మాణిక పాట మూడున్నర నిమిషాలు. ఏది కోయాలో చిన్నపిల్లవాడు చెబుతాడు.

పలాస జీడిపప్పు (పలాస)

ఆలాపన కోస్తే పద్యనాటకం ఎందుకండీ, మాటల నాటకమే వేసుకోవచ్చు. మా వైపు జనం ఆ రాగం కోసమే వస్తారు. 'వన్స్ మోర్' పడింది దానికే, పాటకు కాదు.

రెండో వరుస (బరంపురం)

'వన్స్ మోర్' అన్న నలుగురూ నా ముందు వరుసలోనే ఉన్నారు. నలుగురూ ఆయన బంధువులు.

ఐదు శ్రుతి (పర్లాకిమిడి)

ఇంతసేపూ నోరు మూసుకున్నాను. ఈ నాటకానికి హార్మోనియం నాదే. బయట అనుకోవడం వేరు, లోపల జరిగింది వేరు.

మా బృందంలో ఏడుగురు ఒడియా మాధ్యమంలో చదివినవాళ్లు. ఇంట్లో మాట్లాడేది తెలుగే, చదవడం రాదు. అందుకని నాటకం ప్రతిని ఒడియా లిపిలో రాసి ఇచ్చాం. మొదటి వారంలోనే చిక్కు తెలిసింది. ఒడియా లిపిలో ఎ, ఏ రెండింటికీ ఒకే గుర్తు, ఒ, ఓ లకూ అంతే. మామూలు మాటకు ఫరవాలేదు, సందర్భం చూసి సరిచేసుకుంటారు. పద్యంలో లఘువు ఉండవలసినచోట గురువు వచ్చి కూర్చుంటుంది. 'చెలి' కాస్తా 'చేలి' అవుతుంది, 'కొలువు' కాస్తా 'కోలువు' అవుతుంది. గణం విరిగిందంటే హార్మోనియం మీద నా వేళ్లు ఎక్కడ ఆగాలో నాకు తెలియదు. చివరికి దీర్ఘం ఉన్న ప్రతి అక్షరం మీదా ఎర్రసిరాతో గీత పెట్టాం. ఉత్పలమాల అంతా ఎర్రగా అయిపోయి జ్వరం చార్టులా కనిపించేది. పైగా ఒడియా బడి అలవాటుతో 'పురుషోత్తమ' అన్నప్పుడల్లా చివర 'మొ' వినిపించేది. అది పోవడానికి ఇరవై రోజులు పట్టింది.

మాణిక వేసిన అమ్మాయి డిగ్రీ రెండో సంవత్సరం చదువుతోంది. ముందు ఆమెకూ తెలుగు పాటే రాశారు. ప్రతి రిహార్సల్లోనూ ఎర్రగీతలు గుర్తు తెచ్చుకుంటూ కళ్లు పైకెత్తి పాడేది. ఒకరోజు టీ విరామంలో కుండ నెత్తిన పెట్టుకుని, ఆటకు, తమ వీధిలో పెరుగమ్మే ఆవిడలా ఒడియాలో పిలిచింది. అందరం ఆగిపోయాం. మనిషే మారిపోయింది. ఆ రాత్రే పాట ఒడియాలోకి మారింది. మేము ప్రయోగం చేద్దామని కూర్చుని చేసినది కాదు.

మహేంద్రతనయ (పర్లాకిమిడి)

ఈ ఎర్రగీతల సంగతి సమీక్ష రాసినవారికి తెలిసి ఉంటే బాగుండేది. మా అమ్మ కూడా రామదాసు కీర్తనలను ఒడియా లిపిలోనే రాసుకుంది. ఆ నోటుపుస్తకం ఇప్పటికీ నా దగ్గర ఉంది.

వేషం బాబాయి (బరంపురం)

నాకు డెబ్బై నాలుగేళ్లు. మా ఊరి అమ్మవారి జాతర ఠాకురాణి యాత్రలో ముప్పై ఏళ్లు వేషాలు కట్టాను, నాటకాల్లో భీముడు, కంసుడు వేశాను. మీరంతా మరచిపోయిన ముక్క ఒకటి చెబుతాను. మన గంజాం జిల్లాకు గర్వకారణమైన ప్రహ్లాద నాటకం ఒడియాలో ఉంది కదా, అది ఎవరి పేరు మీద ఉంది? జలంత్ర రాజు రామకృష్ణ ఛోటరాయ్ పేరు మీద. ఆ జలంత్ర ఈ రోజు ఎక్కడ ఉంది? శ్రీకాకుళం జిల్లాలో, కంచిలి పక్కన. అంటే ఆంధ్రలో ఉన్న ఊరి రాజు పేరు మీదున్న నాటకాన్ని ఒడిశా పల్లెలు రాత్రంతా ఆడుతున్నాయి. మెట్లమెట్లుగా కట్టిన వేదిక మీద హిరణ్యకశిపుడు దిగుతూ ఎక్కుతూ పాడుతుంటే ఆ రాగాల్లో కర్ణాటకమూ ఉంటుంది, ఒడిస్సీ కూడా ఉంటుంది. మధ్యలో సంస్కృత శ్లోకాలు. ఎవరికీ అజీర్తి చేయలేదు. ఆ నాటకం నేర్పిన గురువు సిమాంచల పాత్రోగారికి సంగీత నాటక అకాడమీ పురస్కారం వచ్చింది. అది భాష శుద్ధి చూసి ఇచ్చినది కాదు.

బహుమతి కోసం పాట తీసేస్తే, వెళ్లేది మన నాటకం కాదు.

గంట మాస్టారు (విజయనగరం)

బాబాయిగారూ, మీ మాటకు ఎదురు చెప్పను. అయితే ప్రహ్లాద నాటకం తెల్లవార్లూ ఆడవచ్చు, అక్కడ గంట కొట్టేవాడు లేడు. పోటీ అంటే పోటీయే. నా సలహా ఇది. ఉత్తమ ప్రదర్శన బహుమతి కష్టం. గుంటూరు, తెనాలి నుంచి వచ్చే బృందాల సెట్టింగులు చూస్తే మీకే తెలుస్తుంది, వాళ్లు లారీ నిండా సీనరీ తెస్తారు. సంగీతం, ప్రత్యేక బహుమతి, ఈ రెండింటికీ ఆశ ఉంది. ఆ రెండూ పాట వల్లే వస్తాయి. ఇక బంగారు నంది, వెండి నంది అని ఇప్పుడే కలలు కనకండి.

పాటకు ముందు ఇద్దరు గుర్రపువాళ్లలో ఒకరి చేత రెండు మాటలు తెలుగులో చెప్పించండి. 'ఈ గొల్లపడుచు పెరుగు తీసుకోమని పిలుస్తోంది' అని తెలిస్తే చాలు, మిగతాది గొంతే చెబుతుంది.

పలాస జీడిపప్పు (పలాస)

అలాగైతే నాకూ సమ్మతమే. ఆలాపన మాత్రం ముట్టుకోవద్దు.

రెండో వరుస (బరంపురం)

ఇంకో ముచ్చట. ఇదే కంచి కథ మీద రామశంకర్ రాయ్ ఒడియాలో నాటకం రాసినది 1880లో. ఆ ఏడాదే రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగంగారు 'వ్యవహార ధర్మబోధిని' ఆడించారు. అక్కడివారు వీరేశలింగంగారి నాటకాన్నీ, ఇక్కడివారు రామశంకర్ రాయ్ నాటకాన్నీ ఆధునిక నాటకానికి తొలి అడుగు అంటారు. కరపత్రంలో ఈ ముక్క వేయమని సమాజం వాళ్లకు చెప్పాను. 'పురుషోత్తముడి ఫొటోకే చోటు చాలడం లేదు' అన్నారు.

ఐదు శ్రుతి (పర్లాకిమిడి)

నిన్న రాత్రి కూర్చుని తేల్చారు. పాట ఉంటుంది. తెల్లగుర్రం బలభద్రుడికి తెలుగులో రెండు మాటలు పెట్టారు, గంట మాస్టారికి కృతజ్ఞతలు. సేనాపతి సీను పూర్తిగా తీసేశారు, పాపం ఆ కుర్రవాడు మీసం కూడా పెంచాడు. అతన్ని తెర లాగడానికి పెట్టారు. ఆలాపనలు ఇరవై రెండు నిమిషాల నుంచి పన్నెండుకు దించమని చెప్పే పని నా మీద పెట్టారు. చెప్పాను. పురుషోత్తముడు ఏమీ అనలేదు, హార్మోనియం మూత వేసి నా చేతికిచ్చి ఇంటికి వెళ్లిపోయాడు. ఈ రోజు సాయంత్రం రిహార్సల్‌కు వస్తాడో రాడో చూడాలి.

గుణుపురం ప్యాసింజరు (గుణుపురం)

వీడియో అడిగాను, ఎవరూ చెప్పలేదు.

ఐదు శ్రుతి (పర్లాకిమిడి)

వీడియో ప్రాథమిక పరిశీలనకు పంపింది ఒకటి ఉంది, పోటీ అయ్యేదాకా బయట పెట్టవద్దన్నారు. మన్నించాలి.

పురుషోత్తముడు వచ్చాడు. అరగంట ఆలస్యంగా వచ్చాడు, పద్నాలుగు నిమిషాల్లో ముగించాడు. నేను రెండు నిమిషాలు చూడనట్టు ఊరుకున్నాను.

ఒక చిన్న సాయం. సామాను సర్దుతుంటే మాణిక కుండ పగిలింది. మెడ సన్నగా, పొట్ట గుండ్రంగా, అంచుకు తెల్లసున్నం బొట్లు ఉన్న పాత రకం కావాలి. కొత్త కుండ నెత్తిన నిలవడం లేదు, ఆ అమ్మాయికి భయంగా ఉందట. బరంపురంలో ఎవరి దగ్గరైనా ఉంటే శుక్రవారంలోగా చెప్పండి.

వేషం బాబాయి (బరంపురం)

మా ఇంట్లో ఉంది. మనవణ్ణి పంపు. అడుగున చిన్న పగులు ఉంది, పెరుగు పోయవద్దు.