నాట్యకత్తెయా, నాట్యగత్తెయా?

ప్రశ్న: న్యూఢిల్లీలోని జాతీయ మ్యూజియంలో ఉన్న మొహెంజొదారో కంచు బొమ్మను కొన్ని తెలుగు పుస్తకాలు ‘నాట్యకత్తె’ అనీ, కొన్ని ‘నాట్యగత్తె’ అనీ రాస్తున్నాయి. ఏది సరైన రూపం?

సమాధానం: చెలికాడికి చెలికత్తె, అందగాడికి అందగత్తె ఉన్నట్టే ఈ ప్రత్యయం రెండు విధాలుగానూ వాడుకలో ఉంది కనుక రూపం గురించి తగవు అక్కరలేదు. నా అభ్యంతరమల్లా దాని ముందున్న ‘నాట్యం’ మీదనే. ‘కత్తె’ చేరగానే ఆ పని ఆమె వృత్తి అనో స్వభావం అనో అర్థం స్థిరపడిపోతుంది. ఆ బొమ్మలో మాత్రం అంత నిశ్చయంగా చెప్పగలిగింది ఏమీ లేదు. 1926లో తవ్వకాల్లో దొరికిన ఈ బొమ్మ ఎత్తు సుమారు 10.5 సెంటీమీటర్లు. మైనపు నమూనా మీద మట్టి పూసి, కాల్చి, మైనం కరిగిపోయిన ఖాళీలో లోహం పోసి చేసిన పోత పని అది. కుడిచేయి నడుము మీద ఉంటుంది, ఎడమచేయి భుజం నుంచి మణికట్టు దాకా గాజులతో నిండి ఉంటుంది. కాళ్ళతో తాళం వేస్తున్నట్టుందని అప్పటి భారత పురావస్తు శాఖ అధిపతి జాన్ మార్షల్‌కు తోచింది, ఆ తోచినదే పేరై నిలిచింది. (ఆ తాళం వేసిన పాదాలు బొమ్మకు ఇప్పుడు లేవు.) మొహెంజొదారో కూడా భాగమైన హరప్పా నాగరికత లిపిని ఇంతవరకు నిర్వివాదంగా ఎవరూ చదవలేదు కాబట్టి, ఆమెను ఆ ఊరివారు ఏమనేవారో చెప్పే మాట మన చేతిలో లేదు. కరాచీ జాతీయ మ్యూజియంలో ఉన్న, మొహెంజొదారోలోనే దొరికిన రాతి బొమ్మకు పెట్టిన ‘పురోహిత రాజు’ పేరూ ఇలాంటి ఊహే. పైగా పురోహితుడంటే తెలుగువాడికి పెళ్ళి పీటలే గుర్తుకొస్తాయి.

ప్రశ్న: అయితే అచ్చతెలుగులో ‘ఆటవెలది’ అనవచ్చు కదా?

సమాధానం: ఆ మాటకు నర్తకితో పాటు వేశ్య అనే అర్థమూ ఉంది. పద్యం పేరుగా అది ముద్దే గాని, ఇక్కడ ఒక ఊహ మీద మరో నింద మోపినట్టవుతుంది. నేనైతే ‘గాజుల పిల్ల’ అంటాను.

ప్రశ్న: గాజు అంటే అద్దం చేసే పదార్థం. హరప్పావారు శంఖంతో కూడా గాజులు చేసుకొనేవారు, ఇక ఈ బొమ్మవేమో కంచువి. ఆ పేరు పొసగుతుందా?

సమాధానం: పొసగుతుంది. పదార్థం పేరు నగకు అంటుకొని ఎంతో కాలమైంది. బంగారు గాజులని మనం తడుముకోకుండా అంటున్నప్పుడు కంచు గాజులకు అడ్డేమీ కనబడదు.