మలేసియాలో హోటల్ షోలు కాకుండా అసలైన కళలు ఎక్కడ చూడొచ్చు?

కొత్తకాపురం_కేఎల్:
మావారి ఉద్యోగం మీద కౌలాలంపూర్ వచ్చాం. ట్విన్ టవర్స్, షాపింగ్ గురించి ఎవరినడిగినా చెప్తున్నారు. ఇన్ని జాతుల వాళ్లు కలిసి ఉండే దేశం కదా, వాళ్ల పండగలూ కళలూ చూద్దామంటే హోటల్లో ఓ 'కల్చరల్ షో' చూపించారు. మలయ్ వేషంలో నలుగురు, చైనా వేషంలో నలుగురు, చీరల్లో నలుగురు. పావుగంటలో అయిపోయింది. ఇక్కడ ఉన్నవాళ్లు, ఉండి వెళ్లినవాళ్లు కాస్త దారి చూపించండి.

పెనాంగ్_బాబాయ్:
చైనా వాళ్ల ఏడో నెలలో పెనాంగ్ రామ్మా. మన లెక్కలో ఆగస్టు, సెప్టెంబరు. ఆ నెలంతా ప్రేతాలు భూమ్మీద తిరుగుతాయని వాళ్ల నమ్మకం. మన మహాలయ పక్షం లాంటిదే, సందడి మాత్రం పదింతలు. వీధిలోనే స్టేజి కట్టి ఒపేరాలు, బొమ్మలాటలు, పాటకచేరీలు పెడతారు. ముందు వరస కుర్చీలు ఖాళీగా ఉన్నాయని వెళ్లి కూర్చోవద్దు. అవి కంటికి కనపడని అతిథుల కోసం. టికెట్ లేదు, అనౌన్స్‌మెంట్ లేదు. ఊదొత్తుల పొగ ఎటు నుంచి వస్తే అటు నడవడమే.

ఎస్టేట్_పిల్ల:
అక్కా, నేను ఇక్కడే పుట్టాను. మా ముత్తాత ఉత్తరాంధ్ర నుంచి తోటల్లో పనికి వచ్చారు. మీరు ముందు తైపూసం చూడండి, అది తమిళుల సుబ్రహ్మణ్యస్వామి పండగ. పండగకి ముందే రాత్రిపూట కేఎల్ మారియమ్మన్ గుడి నుంచి వెండిరథం బయలుదేరి బతు కేవ్స్ అనే గుహల గుడికి వెళ్తుంది. అక్కడ 272 మెట్లు. కావడి ఎత్తేవాళ్లలో చైనా వాళ్లూ కనిపిస్తారు. పెనాంగ్‌లో అయితే రథం ముందు కుప్పలుకుప్పలుగా కొబ్బరికాయలు కొట్టేవాళ్లలో వాళ్లే ఎక్కువేమో అనిపిస్తుంది.

ఇంకోటి, 'ఓపెన్ హౌస్'. రంజాన్‌కి మలయ్ వాళ్లింటికి మనం, దీపావళికి మనింటికి వాళ్లు. మా అమ్మ పండక్కి చికెన్ హలాల్ కొట్టులోనే కొంటుంది, లేకపోతే పక్కింటి మక్‌చిక్ (పిన్నిగారనుకోండి) తినలేదు. వాళ్లేమో మా కోసం గొడ్డుమాంసం లేని రెండాంగ్ కూర వేరే గిన్నెలో వండి ఉంచుతారు. ఏ స్టేజి మీదా ఇది చూపించలేరు.

అనంతపురం_రాజు:
నిమ్మలకుంట తోలుబొమ్మలు చూస్తూ పెరిగినోణ్ణి. అందుకే పనిగట్టుకుని ఈశాన్యాన ఉండే కెలంతాన్ రాష్ట్రానికి పోయినా. అక్కడి తోలుబొమ్మలాట వాయాంగ్ కులిత్‌లో కథ రామాయణమే! రాముడు సెరి రామ, సీత సితి దేవి, రావణుడు మహారాజ వానా. నవ్వించడానికి మనకి కేతిగాడు, బంగారక్క ఎట్లనో వాళ్లకి పాక్ దోగోల్, వాక్ లోంగ్ అట్ల. భాష ముక్క తెలియకపోయినా వాళ్లిద్దరూ తెర మీదికొస్తే జనంతో పాటు నేనూ నవ్వినా. మన దగ్గర ఆడామగా కలిసి పాడతారు. అక్కడ అన్ని గొంతులూ ఒక్కడే పలుకుతాడు, ఆయన్ని తోక్ దలాంగ్ అంటారు. దీపం ముందు కూర్చుని బొమ్మలాడిస్తూనే వాద్యాల వాళ్లకి సైగ చేస్తుంటాడు. నేను ఆటలో సగంసేపు తెర వెనకే నిలబడినా.

ఒకటే బాధ. అక్కడి మాక్ యోంగ్ నాటకంలో రాజు వేషం కూడా ఆడవాళ్లే కడతారు. 2005లో యునెస్కో గుర్తించింది. కానీ కెలంతాన్ ప్రభుత్వం 1990లలోనే నిషేధం పెట్టింది, మతానికి విరుద్ధమని. 2019లో సడలించినా బట్టల మీద, ఆడామగా విడిగా కూర్చోవడం మీద షరతులు పెట్టారు. పోస్టర్ల మీద మాత్రం అదే కళని గర్వంగా వేసుకుంటారు.

కూచింగ్_రిటర్న్:
అందరూ ద్వీపకల్పం గురించే చెప్తున్నారు. సముద్రం దాటితే బోర్నియో ద్వీపంలో సరవాక్, సబా రాష్ట్రాలు ఉన్నాయండీ! జూన్ 1న సరవాక్‌లో గవాయ్, అంటే ఇబాన్, బిదాయు అనే స్థానిక తెగల పంట పండగ. పొడవాటి ఉమ్మడి ఇళ్లలో వరుసగా ప్రతి గుమ్మం దగ్గరా బియ్యపు సారా 'తువాక్' పోస్తారు. తాగనివాళ్లు గ్లాసు పెదవికి ఆనించి ఇచ్చేస్తే చాలు, ఎవరూ ఏమీ అనుకోరు. సంగీతం ఇష్టమైతే రెయిన్‌ఫారెస్ట్ ఫెస్టివల్ ఉంది, 1998 నుంచి జరుగుతోంది. సాపే అనే తంత్రీవాద్యం అక్కడే విన్నాను. ఒకప్పుడు ఆడవాళ్లు దాన్ని ముట్టకూడదట. ఇప్పుడు అలెనా మురాంగ్ అనే కళాకారిణి దాంతోనే దేశదేశాలు తిరుగుతున్నారు.

కొత్తకాపురం_కేఎల్:
అందరికీ థాంక్స్! తైపూసం జనం అంటేనే టెన్షన్, పాపకి మూడేళ్లు. రాజుగారూ, కెలంతాన్‌లో బొమ్మలాట ఎక్కడ?

అనంతపురం_రాజు:
కోత బారులో గెలాంగాంగ్ సెనీ అని సాంస్కృతిక కేంద్రం ఉందమ్మా. రంజాన్ నెలలో షోలు ఉండవు, చూసుకుని పోండి.

ఎస్టేట్_పిల్ల:
తైపూసానికి రెండ్రోజుల ముందే బతు కేవ్స్ వెళ్లండక్కా. చాలామంది ముందుగానే మొక్కు తీర్చేసుకుంటారు. పాపని దించి నడిపించే చోటుంటుంది. సంచిలో బిస్కెట్లు మాత్రం దాచుకోండి, అక్కడి కోతులు బాగా తెలివైనవి.